పడమటి రైలూ, ప్రస్థానం మూటలూ

పంచాంగం చూసుకుని సిగ్నల్ దించే స్టేషన్ మాస్టరు కింద మీరు ఎప్పుడైనా పనిచేశారా? నవ్వకండి. నేను చేశాను. మీలో రేపో ఎల్లుండో రైలు పనిలో చేరబోయే వాళ్ళున్నారు. అలాంటి పెద్దమనిషి మీకూ తగులుతాడు. పంచాంగం కాకపోతే ఇంకొకటేదో పట్టుకుని ఉంటాడు. ఆయనతో ఎలా వేగాలో ఏ రూల్సు పుస్తకంలోనూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను.

నాకు ఏ ఏడు ప్రమోషన్ వచ్చింది, ఏ దొర మెచ్చుకున్నాడు అన్నవి ఇందులో దొరకవు. అవి నా భార్యకే విసుగు పుట్టించాయి, మీకెందుకు? నేను ఎక్కువ కాలం పనిచేసిన ఒక చిన్న స్టేషను గురించీ, అక్కడ నేను నేర్చుకున్నదాని గురించీ చెబుతాను.

స్టేషను

పుదుచ్చేరి ఊరు వదిలి, మూలకుళం దాటి, వరిపొలాల్లోకి వచ్చాక ఉండేది మా స్టేషను. ఒక పెంకుటిల్లు, దాని ముందు రేకుల చావడి, ఒక బావి, రెండు సిగ్నల్ స్తంభాలు. సిగ్నల్ చెయ్యి దించితేనే రైలు కదలాలి. మా నాన్న ఒర్లియంపేటలో మిల్లు కూలి. ఆయన చిన్నతనంలో ఈ లైను వేశారు. ఇంజను నరబలి అడుగుతుందని ఊళ్ళో పిల్లల్ని వారాల తరబడి బయటికి పంపలేదట. ఇంజను బొగ్గూ నీళ్ళూ తప్ప ఏమీ అడగలేదు. అయినా ఆ మాట పుట్టించినవాడు ఎవడని ఎవరూ నిలదీయలేదు. మన దేశంలో అబద్ధం చెప్పినవాడికి జవాబుదారీ లేదు. నిజం చెప్పినవాడే సాక్ష్యాలు తెచ్చుకోవాలి.

నేల ఫ్రెంచివాళ్ళది, రైలు ఇంగ్లీషు కంపెనీది. కాస్త దూరం పోతే ఒక పొలం ఫ్రెంచి, పక్క పొలం ఇంగ్లీషు. అందుకని సుంకం మనుషులు మా స్టేషన్లోనే కాచుకుని ఉండేవారు. ప్రయాణికుల సామాను విప్పి చూసి, దాని మీద సుద్దతో గీత పెట్టేవారు. గీత ఉంటే సరిహద్దు అవతల ఎవరూ అడగరు. గీత లేకపోతే దింపేస్తారు.

ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. మా లైను పుదుచ్చేరి నుంచి విల్లుపురం వైపు, అంటే పడమరకే పోతుంది. తూర్పున సముద్రం. కంపెనీకి వేరే దిక్కు లేదు. కానీ పంచాంగం ప్రకారం శుక్ర, ఆదివారాల్లో పడమర దిక్కున శూల ఉంటుంది, అటు పోకూడదు. మంగళవారం ఎటూ పోకూడదు. శనివారం పేరు చెబితేనే భయం. సోమవారం మంచిదే కానీ ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం, మా పొద్దుటి రైలు సరిగ్గా ఆ మధ్యలో వస్తుంది. విల్లుపురంలో పెద్ద రైళ్ళు అందుకోవాలంటే ఆ పొద్దుటి రైలే ఎక్కాలి. వెరసి కంపెనీ వారమంతా రైలు నడిపేది, మా ఊరి జనం బుధ, గురువారాల్లో ఎక్కేవారు. ఆ రెండు రోజులూ పెట్టెల్లో ఊపిరాడదు. మిగతా రోజుల్లో గార్డు ఒక్కడే కాళ్ళు చాపుకుని పోయేవాడు.

పెద్ద మాస్టరు

నాకు పని నేర్పినాయన్ని అందరూ పెద్ద మాస్టరు అనేవారు. తంతి కొట్టడం, లాంతరు తుడవడం, కోపంగా ఉన్న డ్రైవరుతో మాట్లాడటం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. లంచం ముట్టనివాడు. జ్వరం వస్తే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఇంటికి గంజి పంపేవాడు. ఇంత మంచివాడు వర్జ్యమో రాహుకాలమో ఉన్నంతసేపూ సిగ్నల్ దించేవాడు కాదు. లైన్ క్లియర్ వచ్చి ఉండేది, పట్టాలు ఖాళీగా ఉండేవి, రైలు సిగ్నల్ అవతల పొలాల్లో నిలబడి కూత మీద కూత వేసేది. కూలి జనం పెట్టెలు దిగి, గట్ల మీద నడుచుకుంటూ, రైలు కంటే ముందే స్టేషను చేరేవారు.

ఒకసారి కంపెనీ గడియారాలన్నిటినీ కొన్ని నిమిషాలు ముందుకు జరపమని ఉత్తర్వు వచ్చింది. నాకు పట్టపగ్గాలు లేవు. ఆయన ముందు నిలబడి అడిగాను.

"అయ్యా, నిన్నటి ఏడున్నర వేరు, ఈ పొద్దు ఏడున్నర వేరు. మరి రాహువు ఏ గడియారం చూసుకుని బయలుదేరుతాడు?"

ఆయన తల ఎత్తకుండా లాంతరు తుడుస్తూ అన్నాడు. "ఆయనకీ కంపెనీ నుంచి సర్క్యులర్ పోయుంటాది లేరా. నువ్వు పోయి వత్తి కత్తిరించు."

నేను గెలిచాననుకున్నాను. మరునాడు కూడా రైలు పొలాల్లోనే నిలబడింది. మూఢత్వం మూర్ఖుల దగ్గర మాత్రమే ఉంటే పీడ ఎప్పుడో వదిలేది. అది మంచివాళ్ళ ఇళ్ళలో, మనకు అన్నం పెట్టినవాళ్ళ మనసుల్లో కాపురం ఉంటుంది. అందుకే దాన్ని కొట్టాలంటే చెయ్యి రాదు. చెయ్యి రాకపోయినా కొట్టాల్సిందే అని నా పట్టు. ఎక్కడ కొట్టాలో తెలుసుకోవడానికి మాత్రం నాకు చాలా కాలం పట్టింది.

జెండాకు పూజ

పెద్ద మాస్టరు వెళ్ళిపోయి స్టేషను నా చేతికి వచ్చిన ఏడాది ఆయుధపూజ నాడు జరిగింది ఇది. ఆ రోజు పనిముట్లకు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. పూజలో పెట్టిన వస్తువును మరునాటి దాకా కదపరు. కమ్మరి సుత్తి కదపకపోతే కొంప మునగదు. మా పాయింట్స్‌మన్ గోవిందు ఎర్రజెండా, పచ్చజెండా, చేతి లాంతరు, పాయింట్లు బిగించే రెంచి, అన్నీ వరసగా పెట్టి, పసుపు కుంకుమలు అద్ది, అరటిపండుకు అగరొత్తులు గుచ్చి, నా కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాడు. ఇంతలో అనుకోని గూడ్సు బండి వస్తోందని తంతి వచ్చింది.

"గోవిందూ, జెండా తీసుకో."

"యాడ తీసేది సామీ? పూజలో ఉండాది కదా. రేపు పొద్దున ఎత్తుకుందాం."

"అట్లయితే బండినీ రేపే రమ్మందామా?"

"డ్రైవరు మనోడే సామీ. ఆయన ఇంజనుకీ ఈ పొద్దు పూజే. నిదానంగా వస్తాడులే." కాసేపు ఆలోచించి, "నీ తుండుగుడ్డ పచ్చగానే ఉండాది కదా, అది ఊపు" అన్నాడు.

నేను అరటిపండు పక్కన పెట్టి జెండా ఎత్తాను. గోవిందు కళ్ళు మూసుకున్నాడు. గూడ్సు వెళ్ళిపోయింది, ఆకాశం విరిగి పడలేదు. కానీ ఆ మనిషి వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మరుసటి ఏడు నేను ఒక ఉపాయం చేశాను. చిరిగిన పాత జెండాలు, చిమ్నీ పగిలిన లాంతరు ఒక పెట్టెలో దాచి, పూజకు అవి ఇచ్చాను. గోవిందు వాటికి పట్టుగుడ్డ కప్పి మరీ పూజ చేశాడు. పనిచేసే జెండాలు పనిలో ఉన్నాయి. సంస్కర్తలైన నా స్నేహితులు దీన్ని లొంగుబాటు అన్నారు. వాళ్ళలో ఒక్కడూ ఎదురుగా వస్తున్న గూడ్సు బండికి జెండా చూపించినవాడు కాదు.

ప్రస్థానం మూల

ఇక అసలు సంగతికి వస్తాను. మంచి రోజున బయలుదేరడం కుదరనివాళ్ళకు మన పెద్దలు ఒక దొడ్డిదారి పెట్టారు. దాని పేరు ప్రస్థానం. గురువారం మంచి ఘడియలో ఒక మూట కట్టి ఇంటి గడప దాటించి, వేరే చోట పెట్టిరావాలి. మూట బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ తర్వాత సోమవారం రాహుకాలంలో రైలెక్కినా దోషం తగలదు. కానీ మనిషి ఎక్కేలోపల ఆ మూటను ఎవరూ విప్పకూడదు. విప్పితే ప్రయాణం చెడినట్టే, మళ్ళీ మొదటి నుంచి మొదలు.

ఇతర ఊళ్ళలో ఆ మూట పక్కింట్లో పెట్టేవారు. మా పెద్ద మాస్టరు దయవల్ల మా ఊరివాళ్ళు స్టేషన్లోనే పెట్టేవారు. చావడిలో ఒక మూల పేడతో అలికి, ముగ్గు వేసి, దాన్ని ప్రస్థానం మూల అనేవారు. అన్నీ పసుపు గుడ్డలే, అన్నిటికీ ఒకటే ముడి, ముడి మీద కుంకుమ బొట్టు. ఏది ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి, నా మటుకు దేవుడికీ తెలిసేది కాదు.

నేను ఊరుకోలేదు. మూట పెట్టడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ ఆపి ఉపన్యాసం ఇచ్చాను. మూలకుళంలో పొలం ఉన్న మునెమ్మవ్వ ఒకనాడు తన మూటతో వచ్చింది.

"ఏందవ్వా ఇది? మనిషి ఇంట్లో, మూట ఈడ. అట్లయితే టిక్కెట్టు మూటకే ఇస్తా, నువ్వు ఇంట్లోనే ఉండు."

"ఇయ్యి నాయనా. మూటకైతే అర టిక్కెట్టు కదా?"

"ఆ రాహువు మీ గడప కాడే కాచుకోనుంటాడా? స్టేషను దాకా రాలేడా?"

"నీ మొగం చూసి రాడులే. ఎప్పుడు చూసినా ఎవరినో ఒకర్ని తిడతానే ఉంటావు. జరుగు, ముగ్గు తొక్కతాండావు."

చావడి అంతా నవ్వింది. నా ఉపన్యాసాలకు ఫలితం అంతే.

మనవాళ్ళే ఇలా ఉన్నారనుకోకండి. ఊళ్ళోంచి ఒక ఫ్రెంచి అధికారి పిట్టల వేటకు మా వైపు వచ్చేవాడు. ప్రస్థానం మూల చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన వంటవాడు నాకు తర్వాత చెప్పాడు, దొర భోజనాల బల్ల దగ్గర పదమూడో మనిషిగా కూర్చోడట, కూర్చోవాల్సి వస్తే తోటమాలికి కోటు తొడిగి పద్నాలుగో కుర్చీలో కూర్చోబెడతాడట. తెల్ల మూఢత్వానికి కోటు తొడుగుతారు, నల్ల మూఢత్వానికి పసుపు గుడ్డ కడతారు. రెండింటి లోపలా ఉన్నది ఒకటే.

సుంకం జవాన్లు కూడా మా ఊరి చుట్టుపక్కల పుట్టినవాళ్ళే. ప్రస్థానం మూట విప్పితే ఆ పాపం తమకు చుట్టుకుంటుందని, విప్పకుండానే సుద్ద గీత పెట్టేసేవారు. ఈ సంగతి మొదట కనిపెట్టినవాడు తమలపాకుల బేరగాడు ఒకడు. మా స్టేషన్లో అంత ఆచారవంతుడు ఇంకొకడు లేడు. నెలకు ఎన్నిసార్లు ప్రయాణమో అన్నిసార్లు ప్రస్థానం. మూట పెట్టి కళ్ళు మూసుకుని దండం పెట్టుకునేవాడు. వాణ్ణి చూపించి మునెమ్మవ్వ నన్ను దెప్పేది. "చూడు, వాడూ మనిషే. బక్తి అంటే అట్ల ఉండాల."

ఆ సోమవారం

మునెమ్మవ్వకు ఒక మనవరాలు, ఆదిలక్ష్మి. తల్లిదండ్రులు లేరు, అవ్వే పెంచింది. కన్యాస్త్రీల బడిలో చదువుకుంది. విల్లుపురం అవతల ఒక మిషన్ ఆసుపత్రిలో మంత్రసాని పని నేర్పుతామని ఆ పిల్లకు చోటు ఇచ్చారు. సోమవారం సాయంత్రానికి అక్కడ ఉండాలి. రాకపోతే ఆ చోటు వరసలో ఉన్న ఇంకో పిల్లకు పోతుంది. మళ్ళీ ఏడాది దాకా తీసుకోరు. ఏడాది ఆగితే అవ్వ పెళ్ళి చేసేస్తుందని ఆదిలక్ష్మికి తెలుసు, నాకూ తెలుసు. అవ్వ ఒప్పుకోవడమే పెద్ద గండం గడిచినట్టు. ఒప్పుకున్నది కూడా ఒకే షరతు మీద. గురువారం మంచి ఘడియలో ప్రస్థానం పెట్టాలి, ఆ ముడి రైలెక్కేదాకా విప్పకూడదు. గురువారం మూట వచ్చి మూలలో కూర్చుంది.

సోమవారం ఉదయం అవ్వా, మనవరాలూ ముందే వచ్చారు. మూలలో రెండు మూటలున్నాయి. ఒకటి పిల్లది, ఒకటి తమలపాకుల బేరగాడిది. వాడు కాస్త దూరంలో గొడుగు ఆనించుకుని నిలబడ్డాడు. రైలు వచ్చి ఆగింది. అందులోంచి ఎన్నడూ చూడని ఒక సుంకం అధికారి దిగాడు. కొత్తగా బదిలీ అయి వచ్చాడట. జవాన్లు సుద్ద తీసి మూల వైపు నడవబోతే ఆపాడు.

"విప్పండి."

"అది ప్రస్థానం అయ్యా," అన్నాడు ఒక జవాను.

"నేను అడిగింది దాని పేరు కాదు. విప్పండి."

నాకు ఆ మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఇన్నేళ్ళకు తర్కం తెలిసినవాడు వచ్చాడని పొంగిపోయాను. జవాన్లు కదలకపోతే అధికారే వంగి దగ్గరున్న మూట ముడి లాగాడు. పైన తమలపాకులు. కింద పరదేశపు జరీ దారం కండెలు, తళతళ మెరుస్తూ. సుంకం కట్టకుండా అవతలికి పోతున్న సరుకు.

"ఎవరిదిది?"

అందరూ గొడుగు వైపు చూశారు. గొడుగు స్తంభానికి ఆనుకుని ఉంది. దాని మనిషి అప్పటికే గట్టు దిగి పొలాల్లో సగం దూరం పోయాడు. మా ఆచారవంతుడు అంత వేగంగా నడవగలడని నాకు అదే మొదటిసారి తెలియడం.

గోవిందు నోరు తెరిచి, "అది ఆకులాయనది అయ్యా, మాకందరికీ తెలుసు" అన్నాడు. కానీ అధికారి కొత్తవాడు. ఆయన కంటికి కనబడేవి పక్కపక్కనే ఉన్న రెండు మూటలు, ఒకే గుడ్డ, ఒకే ముడి, ఒకే బొట్టు. పక్కన నిలబడ్డది ఆ అవ్వా, మనవరాలే.

"రెండో మూట నీదేనా?"

"అవునయ్యా," అంది ఆదిలక్ష్మి.

"విప్పు."

మునెమ్మవ్వ ఆ మూట మీద పడి రెండు చేతులా పట్టుకుంది. "నా పాణం పోయినా ఇప్పనీను. గురువారం పెట్టినాము. బిడ్డ రైలెక్కినాక ఇప్పుకో, ఏమైనా చేసుకో."

"రైలు కదిలాక నేను చూసేదేముంది? ఇప్పుడు విప్పకపోతే రెండు మూటలూ మీవే అని తీసుకుపోతాం. ఈ అమ్మాయి కూడా మాతో ఠాణాకు రావాలి."

"అవ్వా, వదులు," అంది పిల్ల.

"వదిలితే ఈ పొద్దు పయనం లేదు. వచ్చే గురువారం మళ్ళీ పెడదాం. అంత తొందరేంది?"

"గురువారానికి నా చోటు పోతాది."

"పోతే పోనీ. చెడిన పయనంలో నిన్ను పంపను. నా మాట దాటి ఎక్కినావంటే నేను ఈడనే పట్టాల మీద పడుకుంటా."

విప్పకపోతే పిల్ల ఠాణాకు పోతుంది. విప్పితే ఇంటికి పోతుంది. ఆసుపత్రికి పోయే దారి రెండిట్లోనూ లేదు. గార్డు గడియారం చూస్తూ పళ్ళు కొరుకుతున్నాడు. "మాస్టర్! టైం అయిపోయింది. సిగ్నల్ దించవయ్యా!" నేను దించలేదు. ఇది మాత్రం నాకు చేతనైంది. కారణం తర్వాత కంపెనీ ఇన్‌స్పెక్టరుకు చెప్పుకోవచ్చు.

చేతకానిది కూడా చేయబోయాను. అవ్వ ముందు నిలబడి మొదలుపెట్టాను. "చూశావా అవ్వా, నీ ఆచారం దొంగకు ఎట్ల పనికొచ్చిందో! నువ్వు మెచ్చుకున్న బక్తుడు ఎవరో తేలిందా? ముడి వేసినది నువ్వు, దోషం యాడ నుంచి వచ్చింది?" నా మాటల్లో ఒక్కటీ తప్పు లేదు. ప్రతి మాటకూ అవ్వ చేతులు మూట చుట్టూ ఇంకా బిగుసుకుంటున్నాయి.

"మాస్టరు మామా, కాస్త ఆపు," అంది ఆదిలక్ష్మి. "అవ్వతో నేను మాట్లాడతా."

అవ్వ పక్కన నేల మీద కూర్చుంది. గొంతు పెంచలేదు.

"అవ్వా, ఈ మూట బయలుదేరింది ఎప్పుడు?"

"గురువారం."

"మూట బయలుదేరితే నేను బయలుదేరినట్టే కదా?"

"అవును. అందుకే కదా పెట్టింది."

"అట్లయితే నేను గురువారం నుంచీ దోవలోనే ఉండాను."

అవ్వ అనుమానంగా చూసింది. "ఊ."

"దోవలో ఉండేవాళ్ళకు ఆకలైతే మూట ఇప్పుకోని తినరా? నువ్వు తిరుపతికి పోయినప్పుడు ఎన్నితూర్లు ఇప్పినావు?"

"దోవలో ఇప్పితే తప్పేంది?"

"నాకు ఆకలేస్తాండాది అవ్వా. మురుకులు దీంట్లోనే కదా పెట్టినావు?"

కూత వేయబోయిన డ్రైవరు కూడా ఇంజనులోంచి మెడ చాచి వింటున్నాడు. అవ్వ మనవరాలి ముఖంలోకి చూసింది, మూటను చూసింది, నన్ను చూసింది. ఆ చూపులో నేను ఇందులో ఏదైనా గెలుస్తున్నానా అన్న వెతుకులాట ఉంది. నేను తల దించుకున్నాను. మెల్లగా ఆమె చేతులు సడలాయి.

"పొద్దున ఏమీ తినకుండా వచ్చింది పాపం," అని ఎవరికో చెబుతున్నట్టు అని, తన చేత్తోనే ముడి విప్పింది.

లోపల రెండు చీరలు, ఒక తువ్వాలు, అద్దం, దువ్వెన, మురుకుల డబ్బా. ఆదిలక్ష్మి ఒక మురుకు తాను కొరికి, ఒకటి అవ్వ చేతిలో పెట్టి, ఒకటి అధికారి ముందుకు చాపింది. ఆయన తీసుకోవాలా వద్దా అని తటపటాయించి తీసుకున్నాడు. నములుతూనే మూట మీద సుద్ద గీత పెట్టాడు.

నేను పరుగున వెళ్ళి సిగ్నల్ దించాను. అప్పుడు రాహుకాలం నడుస్తోంది. ఆదిలక్ష్మి కిటికీలోంచి చెయ్యి ఊపుతూ పడమరకు వెళ్ళిపోయింది.

తర్వాత

ఇంత రాసి నిజం దాచడం ఎందుకు? ఆ రోజు నాకు సంతోషం కంటే ఉక్రోషం ఎక్కువ కలిగింది. ఆ పిల్ల మూఢత్వాన్ని ఎదిరించలేదు, దాని లెక్కలోనే దాన్ని దాటి పోయింది. అవ్వ నమ్మకం చెక్కు చెదరలేదు కదా అని నా స్నేహితులతో రాత్రుళ్ళు వాదించాను. ఆదిలక్ష్మి మొదటి సెలవుకు వచ్చినప్పుడు ఆమెనే అడిగేశాను.

"అమ్మాయ్, నీకు ఆ పొద్దు నిజంగా ఆకలేసిందా?"

"వేసింది మామా. బయంతో ముందునాటి నుంచీ అన్నం దిగలేదు."

"అయినా అవ్వకు నిజం చెప్పి, నమ్మకం తప్పని ఒప్పించి ఉండాల్సింది."

ఆమె నవ్వింది. "నువ్వు అవ్వను ఓడించాలని చూస్తివి. నేను రైలెక్కాలని చూస్తిని. ఎవరి పని వాళ్ళది కదా."

నేను ఎన్నో సభల్లో వాదించాను, ఎందరినో నోరు మూయించాను. నా నోరు మూయించిన మాట ఇదొక్కటే. ఆలోచించి చూస్తే స్టేషన్ మాస్టరుగా ఆ రోజు నా పని కూడా ఆమెను రైలెక్కించడమే.

మూఢత్వం చెక్కు చెదరలేదని అన్నానే, అదీ పూర్తిగా నిజం కాదు. దొంగ సరుకు కథ ఊరంతా పాకింది. కొత్త అధికారి ప్రతి మూటా విప్పించేవాడు. విప్పకుండా ఉంచలేని చోట మూట పెట్టి లాభమేమిటని జనం మానుకుంటూ వచ్చారు. మూల ఖాళీ అయ్యాక నేను అక్కడ ఆడవాళ్ళ కోసం ఒక బల్ల వేయించాను. కొందరు వాళ్ళ ఇరుగింట్లో ప్రస్థానం పెట్టుకున్నారు, కొందరికి ఆ ఓపిక లేకపోయింది. సోమవారం రైల్లో ఇద్దరు ముగ్గురు, తర్వాత పదిమంది. గార్డు కాళ్ళు ముడుచుకోవాల్సి వచ్చింది. ఎక్కినవాళ్ళు దిగి, బతికి, తిరిగి వచ్చారు. నా ఉపన్యాసాలు చేయలేని పని వాళ్ళ రాకపోకలు చేశాయి.

ఒక శుక్రవారం పొద్దున మునెమ్మవ్వ ఒంటరిగా వచ్చింది. చేతిలో డబ్బా తప్ప మూట లేదు. టిక్కెట్టు కిటికీలో నన్ను చూసి, "విల్లుపురానికి ఇయ్యి" అంది.

నా నోరు ఊరుకుంటుందా? "అవ్వా, ఈ పొద్దు శుక్రవారం. పడమర శూల."

"నీ శూల నీ కాడ పెట్టుకో. బిడ్డకు జొరం అంట. సీక్రం ఇయ్యి నాయనా, బండి వస్తాండాది."

ఇచ్చాను. అంత ఆనందంగా నేను ఏ టిక్కెట్టూ చింపలేదు.

ఆదిలక్ష్మి పని నేర్చుకుని మా వైపుకే వచ్చింది. మూలకుళం నుంచి మురుంగపాక్కం దాకా ఆమెకు తెలియని గడప లేదు. పుట్టే బిడ్డలు వర్జ్యం చూసుకుని రారు కనుక ఆమె కూడా ఏ రైలు దొరికితే ఆ రైలు ఎక్కేది. నేను పని విరమించి ఇప్పుడు ఒర్లియంపేటలో మా పాత ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఒంట్లో ఓపిక ఉంది, తిండి ఉంది, వాదించడానికి ఇరుగుపొరుగు ఉన్నారు. నా వృత్తి మీద నాకు ఫిర్యాదు లేదు.

మీకు ఒక మాట

తమిళ సీమలో పుట్టి పెరిగిన మన తెలుగువాళ్ళలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు కొద్దిమందే. చదవగలిగినవాళ్ళు ఇది మిగతావాళ్ళకు వినిపించండి. మూఢత్వంతో పోరాడవద్దని నేను చెప్పడం లేదు. నా కోపం ఇంకా చల్లారలేదు, మీ కోపమూ చల్లారనివ్వకండి. కానీ మీ ముందు చదువుకో, పనికో బయలుదేరిన ఒక ఆడపిల్ల నిలబడి ఉంటుంది. చుట్టూ పదిమంది ఏదో ఒక కారణం చెప్పి చెయ్యి పట్టుకుని ఆపుతుంటారు. అప్పుడు మీ తెలివి చూపించుకోకండి. ఆ పిల్ల ఏం చెబుతోందో వినండి. బండిని కాసేపు ఆపండి, దానికి సంజాయిషీ అడిగితే ఇచ్చుకోండి. పెట్టె తలుపు తీసి పట్టుకోండి. ఆమెను ఎక్కించండి. వాదన తర్వాత పెట్టుకోవచ్చు, ముందు ఆమెను ఎక్కించండి.